కంప్యూటర్ చదువు మీద పరిశోధన: తక్కెడ ఎవరి చేతిలో?

కంప్యూటర్ చదువు అందరికీ అబ్బేది కాదనే మాట మనం వింటూనే ఉన్నాం. కొందరికి ఆ బుర్ర పుట్టుకతోనే వస్తుందట. మిగతావాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదట. ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్ రూముల్లో ఈ మాట వినిపిస్తుంది, కంపెనీల ఇంటర్వ్యూ గదుల్లోనూ వినిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో దీనికి ‘గీక్ జీన్’ అని పేరు పెట్టారు. మన దగ్గర మెరిట్ అంటారు. పేరేదైనా లోపలి సరుకు ఒకటే. మనిషి ఏం చేయగలడో అతని పుట్టుక ముందే తేల్చేసిందని చెప్పడం. ఈ సిద్ధాంతం మనకి కొత్తది కాదు. దీని బరువు తరతరాలుగా మోసినవాళ్లం మనం.

అయితే కంప్యూటర్ చదువులోకి ఈ మాట ఎలా వచ్చింది, దాన్ని ఎవరు పరీక్షకి పెట్టారు, ఎప్పుడు అది కూలింది అనే చరిత్రని దళిత అధ్యయనాలు తగినంతగా పట్టించుకోలేదు. మనం భూమి చరిత్ర రాశాం, సాహిత్య చరిత్ర రాశాం, హాస్టళ్ల చరిత్ర రాస్తున్నాం. మన పిల్లలు ఇవాళ వేల సంఖ్యలో వెళ్తున్న చదువు ఇది. దాని మీద జరిగిన పరిశోధన చరిత్ర కూడా మనకి కావాలి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కంప్యూటర్ శాస్త్రం వాళ్లు తమలో తామే కూర్చొని విద్యార్థిని చూసినప్పుడు లోపం చాలాసార్లు విద్యార్థి పుట్టుకలో కనిపించింది. సైకాలజీ, గణిత విద్య, సామాజిక శాస్త్రం వాళ్లని పక్కన సమానంగా కూర్చోబెట్టుకున్నప్పుడు లోపం తరగతి గది ఏర్పాటులో బయటపడింది. ఇక్కడ ‘సమానంగా’ అనే మాట ముఖ్యం. పక్కన కూర్చోబెట్టుకున్నంత మాత్రాన అంతా మంచే జరిగిందనుకోవడం పొరపాటు. అది చెప్పడానికి చరిత్రలో మొదటి ఘట్టమే సరిపోతుంది.

పరీక్షలు ఎవరి కోసం పెట్టారు?

1946లో అమెరికాలో ఎనియాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపించారు. దాన్ని పని చేయించిన మొదటి ప్రోగ్రామర్లు ఆరుగురు ఆడవాళ్లు. అప్పట్లో ప్రోగ్రామింగ్ అంటే గుమాస్తా పని కింద లెక్క. యంత్రం తయారుచేయడం మగవాళ్ల పని, దానికి లెక్కలు అందించడం ఆడవాళ్ల పని అనుకున్నారు. గౌరవం లేని పని కాబట్టి ఆడవాళ్లకి ఇచ్చారు. పనికి గౌరవం, జీతం పెరిగే కొద్దీ వాళ్లు పక్కకి పోయారు. మంగలి కత్తి, చాకలి రేవు, మాదిగ లంద చుట్టూ పెరిగిన మనకి ఈ వరస తెలియనిది కాదు. పని విలువ చేసేవాడి పుట్టుకని బట్టి తగ్గుతుంది. విలువ పెరిగితే చేసేవాడు మారిపోతాడు.

ఈ మార్పులో పొరుగు శాస్త్రం ఒకటి చేయి వేసింది. అది సైకాలజీ. 1950లలో ప్రోగ్రామర్లు చాలక కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. ఎవరిని తీసుకోవాలో చెప్పమని సైకాలజీ వాళ్లని అడిగాయి. 1955లో ఐబీఎం ప్రోగ్రామర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ వచ్చింది. 1966లో విలియం కానన్, డాలిస్ పెర్రీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1,378 మంది ప్రోగ్రామర్లని పరిశీలించి, మంచి ప్రోగ్రామర్ లక్షణాలు రాశారు. ఆ 1,378 మందిలో ఆడవాళ్లు 186 మందే. చిక్కుముడులు విప్పడం అంటే ఇష్టం, మనుషులతో మెలగడం అంటే అయిష్టం అనేవి ఆ లక్షణాల్లో ముఖ్యమైనవి.

ఈ పద్ధతిలో మోసం ఎక్కడుందో గమనించాలి. లోపల ఉన్నవాళ్లని కొలిచి కొలత తయారుచేశారు. ఆ కొలతతోనే బయట ఉన్నవాళ్లని లోపలికి రానివ్వాలో వద్దో తేల్చారు. గుడిలో ఉన్న పూజారులని కొలిచి, ఇవీ పూజారి లక్షణాలు అని రాసి, ఆ లక్షణాలు లేనివాడిని గుమ్మం దగ్గర ఆపినట్టు ఉంది ఇది. చరిత్రకారుడు నేథన్ ఎన్స్‌మెంగర్ 2010లో వెలువరించిన పుస్తకంలో ఈ కథంతా వివరంగా రాశాడు. కంప్యూటర్ రంగంలో మనం ఇవాళ చూస్తున్న ఒంటరి మగ మేధావి బొమ్మ తయారు కావడంలో ఈ పరీక్షలది పెద్ద పాత్ర అని ఆయన చూపించాడు.

రెండు శాస్త్రాలు కలిసి పనిచేయడం అనే మాట మీద మోజు పడేముందు ఈ ఘట్టం గుర్తుంచుకోవాలి. ఇక్కడ కలయిక జరిగింది. కానీ ప్రశ్న కంపెనీది, కొలత కంపెనీ కోసం. కొలవబడ్డ మనిషికి అందులో మాట లేదు.

లోగో, యేల్, బ్యాంక్ స్ట్రీట్

రెండో రకం కలయిక 1967లో మొదలైంది. సీమోర్ పాపర్ట్ దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టిన గణితవేత్త. అక్కడి వర్ణ వివక్ష పాలనని కుర్రతనంలోనే ఎదిరించినవాడు. 1958 నుంచి 1963 దాకా జెనీవాలో జాఁ పియాజే దగ్గర, పిల్లలు ఆలోచించే తీరు మీద పనిచేశాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీకి చేరాడు. ఆయన, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జీగ్ కలిసి బీబీఎన్ అనే సంస్థలో లోగో భాష తయారుచేశారు. పిల్లవాడు ఆజ్ఞలు ఇస్తుంటే తాబేలు బొమ్మ గీతలు గీస్తుంది. పొరపాటు చేస్తే మార్కులు పోవు, గీత వంకర పోతుంది. ఎక్కడ వంకర పోయిందో పిల్లవాడే వెతుక్కుంటాడు. పిల్లవాడికి బుర్ర ఉందా లేదా అనే ప్రశ్న పక్కకి పోయి, ఏ ఏర్పాటులో పిల్లవాడు ఆలోచిస్తాడు అనే ప్రశ్న వచ్చింది. ఇది గణితం, పిల్లల మనస్తత్వ శాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం మూడూ ఒకచోట కూర్చుంటే పుట్టిన ప్రశ్న.

పాపర్ట్ 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ రాశాక లోగో బడుల్లోకి పాకింది. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే పిల్లలకి అన్ని రంగాల్లోనూ ఆలోచన పదునెక్కుతుందని ప్రచారం పెరిగింది. అప్పుడు న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ ఈ మాటని పరీక్షకి పెట్టారు. 1984 ప్రాంతంలో వాళ్లు చూపించినదేమంటే, తమ పరిశీలనలో లోగో నేర్చుకున్న పిల్లలు నేర్చుకోని పిల్లల కంటే మెరుగ్గా పథకం వేసుకోలేదు. పాపర్ట్ ఊరుకోలేదు. యంత్రాన్ని ఒక్కదాన్నీ విడదీసి దాని ఫలితం కొలవడం తప్పు, దాని చుట్టూ ఉన్న సంస్కృతిని చూడాలి అని 1987లో జవాబిచ్చాడు. ఈ వాదనలో ఎవరు గెలిచారనేది నాకు ముఖ్యం కాదు. రెండు పక్షాలూ ఒకే ప్రశ్న మీద బహిరంగంగా తలపడ్డాయి. కలిసి పనిచేయడం అంటే ఒకరినొకరు పొగుడుకోవడం కాదు. పొరుగు శాస్త్రం వచ్చి నీ మాట నిలవదు అని చెప్పగలగాలి.

ఇదే కాలంలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలియట్ సోలోవే, సైకాలజిస్టు కేట్ ఎర్లిక్ లాంటివాళ్లతో కలిసి కొత్తగా నేర్చుకునేవాళ్ల ప్రోగ్రాములని పరిశీలించాడు. వరసగా అంకెలు చదివి సగటు తీయడం లాంటి చిన్న లెక్క ఇచ్చినా చాలామంది తప్పారు. సోలోవే బృందం విద్యార్థిని నిందించలేదు. లూప్ రాసే తీరు మనిషి సహజంగా ఆలోచించే వరసకి ఎదురుగా ఉందని 1983లో రాసింది. లోపం విద్యార్థి తలలో కాకుండా భాష నిర్మాణంలో కూడా ఉండొచ్చని చెప్పడం అప్పటికి పెద్ద అడుగు.

బెర్క్లీ నుంచి కార్నెగీ మెలన్ దాకా

మనకి అందరికంటే దగ్గరైన ఘట్టం గణిత విద్యలో జరిగింది. 1970ల చివర బెర్క్లీలో యూరి ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఒక ప్రశ్న ఎదురైంది. నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారు? అధ్యాపకులని అడిగితే జవాబులు తయారుగా ఉన్నాయి. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, డబ్బు లేదు. మన రిజర్వేషన్ చర్చల్లో వినే మాటలే ఇవి. ఆయన ఆ జవాబులతో తృప్తి పడలేదు. 20 మంది నల్లజాతి విద్యార్థులు, 20 మంది చైనా మూలాల విద్యార్థులు ఎలా చదువుతున్నారో వాళ్ల వెంట తిరిగి చూశాడు. నల్లజాతి విద్యార్థులు బాగానే కష్టపడుతున్నారు, కానీ ఎవరికివాళ్లు ఒంటరిగా. చైనా విద్యార్థులు సాయంత్రం ఒకచోట చేరి ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటున్నారు. ఎక్కడ తప్పుతున్నారో పరీక్షకి ముందే వాళ్లకి తెలుస్తోంది.

ట్రైస్‌మన్ వెనకబడినవాళ్లకి ప్రత్యేక తరగతులు పెట్టలేదు. కష్టమైన లెక్కలు ఇచ్చి గుంపుగా చేయించే వర్క్‌షాపులు పెట్టాడు. ఫలితాలు తారుమారయ్యాయి. ఈ పద్ధతిలో నృశాస్త్రం వాళ్ల పరిశీలన ఉంది, గణితం ఉంది, విద్యార్థి పట్ల గౌరవం ఉంది. విస్కాన్సిన్ లాంటి చోట్ల 2000ల తర్వాత కంప్యూటర్ మొదటి కోర్సులోకి ఇదే ఆలోచనని తెచ్చుకున్నారు.

కంప్యూటర్ రంగంలో ఇలాంటి పని కార్నెగీ మెలన్‌లో జరిగింది. 1995లో అక్కడ కంప్యూటర్ శాస్త్రంలో చేరే ఆడపిల్లలు 7 శాతం. అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త ఆలన్ ఫిషర్, సామాజిక శాస్త్రవేత్త జేన్ మార్గోలిస్ కలిసి 1995 నుంచి 1999 దాకా నూటికి పైగా విద్యార్థులతో మళ్లీ మళ్లీ మాట్లాడారు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో కంప్యూటర్ ఎవరి గదిలో ఉంది, ఎవరు ముట్టుకున్నారు అనే దగ్గర మొదలుపెట్టారు. ప్రవేశంలో పాత ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే బరువు తీసేశారు. అనుభవం ఉన్నవాళ్లకి, లేనివాళ్లకి మొదటి కోర్సులో వేరు వేరు దారులు పెట్టారు. 2000 నాటికి ఆడపిల్లలు 42 శాతం అయ్యారు. అయిదేళ్లలో ఆడపిల్లల పుట్టుక మారిందా? గుమ్మం మారింది, గది మారింది. అప్పుడు 1991 నుంచి 1999 దాకా అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూలు డీన్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. ఈ పేరు మళ్లీ వస్తుంది.

తర్వాత మార్గోలిస్ లాస్ ఏంజెలిస్‌లోని మూడు హైస్కూళ్లని పరిశీలించి 2008లో ఇంకో పుస్తకం తెచ్చింది. నల్లజాతివాళ్లకి ఈత రాదని అమెరికాలో ఒక అపవాదు ఉంది. ఈత కొలనుల్లోకి వాళ్లని తరాల తరబడి రానివ్వకపోవడమే దానికి కారణం అని గుర్తు చేసి, కంప్యూటర్ చదువు సంగతీ అంతేనని ఆమె చూపించింది. నీళ్ల పోలిక మనకి ఎవరూ వివరించనక్కర్లేదు. 1927లో మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ ఉద్యమం చేయాల్సివచ్చింది. 1985లో కారంచేడు మొదలైంది మన చెరువు దగ్గరే. నీళ్ల దగ్గరికి రానివ్వనివాళ్లే ఈత రాదని చెప్తారు.

ఒంటె మూపురాల కథ

ఇంత జరిగినా పుట్టుక సిద్ధాంతం చావలేదు. 2001లో నాలుగు విశ్వవిద్యాలయాల్లో, మొదటి కోర్సు దాటిన 216 మంది విద్యార్థులకి ఒకే పరీక్ష పెడితే సగటు 110కి 22.89 వచ్చింది. మైఖేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో జరిగిన ఆ పని బోధకులని కుదిపేసింది. ఎందుకు ఇలా అనే ప్రశ్నకి రెండు దారులు కనిపించాయి.

మొదటి దారి పాతదే. 2006లో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయం నుంచి సయీద్ డెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ ఒక పత్రం బయటికి వదిలారు. ఒంటెకి రెండు మూపురాలున్నట్టు విద్యార్థులు రెండు గుంపులు, పాఠం మొదలు కాకముందే ఒక పరీక్ష పెట్టి ఎవరు ప్రోగ్రామర్లు అవుతారో చెప్పేయొచ్చు అని దాని సారాంశం. అది జనంలోకి గాలిలా పాకింది. 2007లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో అదే పరీక్ష పెడితే ఆ ఫలితం రాలేదు. చివరికి 2014లో బోర్నాటే ఆ వాదనని వెనక్కి తీసుకున్నాడు. కానీ వెనక్కి తీసుకున్న మాట పాకినంత దూరం వెళ్లదు కదా.

ఆ మిగిలినదాన్ని 2016లో టొరాంటోకి చెందిన ఎలిజబెత్ పటిట్సాస్ బృందం పట్టుకుంది. ఒక పెద్ద కెనడా విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ కోర్సుల మార్కుల పట్టికలు 778 తీసుకొని పరీక్షించారు. రెండు మూపురాల ఆనవాలు 5.8 శాతం పట్టికల్లోనే కనిపించింది. అంతటితో ఆగకుండా సైకాలజీ పద్ధతిలో అధ్యాపకులనే పరీక్షించారు. పుట్టుకతో వచ్చే తెలివిని నమ్మే అధ్యాపకులకి మామూలు పట్టికలో కూడా రెండు మూపురాలు కనిపిస్తున్నాయని తేలింది. దీని అర్థం ఏమిటి? 1966లో సైకాలజీ పద్ధతితో ఉద్యోగానికి వచ్చేవాడిని కొలిచారు. 2016లో అదే శాస్త్రం పద్ధతితో కొలిచేవాడినే కొలిచారు. శాస్త్రం మారలేదు, తక్కెడ తిప్పి పట్టుకున్నారు. మన చరిత్రలో ఈ పని చేయడానికే ఫూలే, అంబేద్కర్ కావలసివచ్చారు.

రెండో దారి కలిసి నేర్చుకోవడం. 2002లో మరియన్ పీటర్, శాలీ ఫించర్, జాష్ టెనెన్‌బర్గ్ కలిసి కంప్యూటర్ బోధకుల కోసం ‘బూట్‌స్ట్రాపింగ్’ అనే పేరుతో పరిశోధన శిక్షణ మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు కంప్యూటర్ పాఠం చెప్పేవాళ్లు, విద్యా పరిశోధన తెలియనివాళ్లు. అందరూ ఒకే ప్రయోగాన్ని తీసుకొని ఎవరి కాలేజీకి వాళ్లు వెళ్లి, సమాచారం సేకరించి, తిరిగి వచ్చి ఒకచోట పోశారు. ఏ ఒక్క చిన్న కాలేజీ చేయలేని పని అలా అయింది. 2005లో సియాటిల్‌లో ఐసర్ అనే పరిశోధన సదస్సు మొదలవడం ఈ వాతావరణంలోనే.

వేరు వేరు శాస్త్రాలు కలిసే చోటుని చరిత్రకారుడు పీటర్ గాలిసన్ వ్యాపారం జరిగే చోటుతో పోల్చాడు. ఒకరి భాష ఒకరికి పూర్తిగా రాకపోయినా ఇచ్చిపుచ్చుకోవడానికి సరిపడా మాటలు పుడతాయంటాడు. మన ఏజెన్సీ సంత లాంటిదన్న మాట. పోలిక బాగానే ఉంది. కానీ సంతలో కోయవాడు తెచ్చిన చింతపండుకి ఏం మిగులుతుందో మనకి తెలుసు. సంత ఉందా అని అడిగితే చాలదు. తక్కెడ ఎవరు పట్టుకున్నారని అడగాలి.

మన దేశంలో యంత్రం వచ్చింది, ప్రశ్న రాలేదు

ఇప్పుడు మన సంగతి. 1962 నుంచి 1972 దాకా తొమ్మిది అమెరికా విద్యాసంస్థలు ఐఐటీ కాన్పూరుని నిలబెట్టడానికి సాయపడ్డాయి. వాటిలో ఎంఐటీ ఒకటి. 1963లో అక్కడికి ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. లోగో పుట్టిన ఊరితో, పుట్టిన సంవత్సరాల్లోనే మనకి సంబంధం ఉందన్న మాట. యంత్రం వచ్చింది, పాఠ్య ప్రణాళిక వచ్చింది, ఎవరు ఎలా నేర్చుకుంటారు అనే ప్రశ్న మాత్రం ఓడ ఎక్కలేదు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ 1973లో వచ్చింది. ఆ పిల్లలు లోపలికి వచ్చాక ఏమైంది అనేది సంస్థ తనని తాను అడగాల్సిన ప్రశ్న. అజంతా సుబ్రమణియన్ అనే నృశాస్త్రవేత్త వచ్చి ఐఐటీ మద్రాసు ఆధారంగా మెరిట్‌కి కులం ఉందని పుస్తకం రాయడానికి 2019 అయింది. అది కూడా కంప్యూటర్ విభాగం నుంచి రాలేదు, హార్వర్డ్ నుంచి వచ్చింది.

1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బడుల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లు పెట్టింది. అదే కాలంలో మనకి ఇంకో నమూనా కళ్లముందే ఉంది. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో విజ్ఞాన శాస్త్రం బోధనా కార్యక్రమం మొదలైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలు పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చొని పిల్లల భాషలో ప్రయోగాలు రాశారు. 1978లో జిల్లా అంతటికీ పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ల ఆ అనుభవంలో టీచరుకి మాట ఉంది. కంప్యూటర్ పథకాలు పెట్టెలు పంచడం దగ్గరే ఉండిపోయాయి.

ఇలా ఎందుకైంది? మన విద్యా వ్యవస్థని గదులు గదులుగా కట్టారు. ఇంజనీరింగుకి ఏఐసీటీఈ, టీచర్ల చదువుకి ఎన్‌సీటీఈ, విశ్వవిద్యాలయాలకి యూజీసీ. ప్రోగ్రామింగ్ చెప్పే అధ్యాపకుడికి పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో చెప్పే డిగ్రీ అవసరం లేదు. బీఎడ్ చెప్పే అధ్యాపకుడికి ప్రోగ్రామింగ్ పరిచయం లేదు. కులం మీద పరిశోధన చేసేవాడు ఈ రెండు భవనాల మెట్లూ ఎక్కడు. ఒక శాఖ ఇంకో శాఖని ముట్టుకుంటే మైలపడుతుందేమో అన్నట్టుంది. శాఖల మధ్య కూడా మెట్లున్నాయి మరి. పైమెట్టు మీద కంప్యూటర్, కింది మెట్టు మీద విద్యాశాస్త్రం.

ఈ గోడలకి మూల్యం ల్యాబులో కనిపిస్తుంది. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్లలో నేను మొదటివాణ్ణి. నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఇద్దరికో కంప్యూటర్. కీబోర్డు ఎప్పుడూ ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడి చేతిలోనే ఉండేది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడి పని రికార్డు నీటుగా రాయడం. ఏడాది చివర ఒకడికి ప్రోగ్రాం వచ్చేది, ఇంకొకడికి చేతిరాత బాగుపడేది. దీన్నే కలిసి నేర్చుకోవడం అన్నారు. జంటగా ప్రోగ్రాం రాయించే పద్ధతి మీద కాలీన్ లూయిస్, గణిత విద్యా పరిశోధకుడు నీరల్ షా కలిసి 2015లో రాసిన పత్రం చదివినప్పుడు ఆ గది నాకు అర్థమైంది. ఆరో తరగతి పిల్లల జంటలని వాళ్లు గమనించారు. పని త్వరగా ముగించాలనే ఆరాటం ఉన్నచోట ఒకరి మాటే చెల్లుబాటు అవుతోందని తేలింది. చేతులు మారాలి, వేగం తగ్గాలి. ఈ చిన్న విషయం మా ల్యాబు దాకా రావడానికి కావలసింది కొత్త యంత్రం కాదు, పక్క శాఖతో మాట.

పరిస్థితి అంతా చీకటి అని నేను అనడం లేదు. ఐఐటీ బొంబాయిలో 2010లో విద్యా సాంకేతికత మీద బహుళ శాఖల కార్యక్రమం మొదలైంది. అక్కడి యోగేంద్ర పాల్, శ్రీధర్ అయ్యర్ హిందీ మీడియం నుంచి వచ్చిన విద్యార్థులు ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకుంటున్నారో 2015లో ప్రచురించారు. 2017లో సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ ఐదు దేశాల పిల్లల సమాచారం చూసి, ప్రోగ్రామింగ్ మాటలు సొంత భాషలో ఉన్నప్పుడు పిల్లలు కొత్త ఆజ్ఞలు త్వరగా పట్టుకుంటున్నారని చూపించారు. 2022లో పలాశి వాఘేలా, స్టీవెన్ జాక్సన్, ఫీబీ సెంగర్స్ కంప్యూటర్ రంగంలో కులం గురించి, కులం లేదని చెప్పుకునే చోట్ల దళితులు ఎలా నెగ్గుకొస్తున్నారనే దాని గురించి రాశారు. భాష ఒకరు చూశారు, కులం ఒకరు చూశారు, ల్యాబు ఒకరు చూశారు. మన పిల్లవాడిలో ఈ మూడూ ఒకేసారి ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి చూసే పరిశోధన ఇంకా మనం చేయాల్సిందే.

ఏం చేయాలి?

రాజ్ రెడ్డి పేరు మళ్లీ వస్తుందన్నాను. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఆయనే ఛాన్సలర్. ఎంట్రన్సు కోచింగుకి డబ్బు పెట్టలేని పల్లెటూరి పిల్లలని పదో తరగతి మార్కుల మీద తీసుకున్నారు. ప్రభుత్వ బడి పిల్లలకి అదనపు బరువు ఇచ్చారు. చేతికి లాప్‌టాప్ ఇచ్చారు. కార్నెగీ మెలన్‌లో గుమ్మం మారినట్టే ఇక్కడా గుమ్మం మారింది. అక్కడ గుమ్మం పక్కన నాలుగేళ్లు కూర్చొని పిల్లల మాట విన్న సామాజిక శాస్త్రవేత్త ఉంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి అధ్యయనానికి ఈ క్యాంపసుల కంటే మంచి చోటు లేదు.

ఆ పని ఎలా ఉండాలో చరిత్ర చెప్తోంది. ప్రశ్న అందరిదీ కావాలి. కంప్యూటర్ అధ్యాపకుడు ప్రశ్న తయారుచేసుకొని, మా ఎస్సీ పిల్లల సమాచారం కొంచెం పట్రండి అని మనల్ని పిలిస్తే అది 1966 పద్ధతే అవుతుంది. పత్రం మీద పేర్లు సమానంగా ఉండాలి. కంప్యూటర్ శాఖలో పనిచేసేవాడు విద్యా పరిశోధన చేస్తే దాన్ని పదోన్నతికి లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే చిన్న ఉద్యోగంలో ఉన్నవాడెవడూ ముందుకి రాడు. కొలిచేవాడిని కూడా కొలిచే హక్కు విద్యార్థికి ఉండాలి.

మనవైపు నుంచి కూడా ఒక మాట అనుకోవాలి. కంప్యూటర్ సంగతి మనకెందుకు, అది సాంకేతిక విషయం అని దళిత అధ్యయనాలు దూరంగా ఉండటం ఆ గోడకి మనం కూడా ఒక ఇటుక అందించడమే. 1916లో కొలంబియాలో కులాల పుట్టుక మీద అంబేద్కర్ చదివిన పత్రం నృశాస్త్రం సెమినార్‌లోది. ఆయన అక్కడికి వెళ్లింది ఆర్థిక శాస్త్రం చదవడానికి. గోల్డెన్‌వైజర్ గదిలోకి నువ్వెందుకొచ్చావని ఆయన్ని ఎవరూ ఆపలేదు, ఆపినా ఆగేవాడు కాదు. మన పరిశోధనకి అది పుట్టుక పత్రం లాంటిది.

మొదటి పని పెద్దదేమీ కాదు. ఒక జిల్లాలో పది పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీల ల్యాబులు. ఒక కంప్యూటర్ లెక్చరర్, ఒక బీఎడ్ కాలేజీ టీచరు, ఒక సామాజిక శాస్త్ర పరిశోధకుడు, ఒక తెలుగు లెక్చరర్. పదిచోట్లా ఒకే పరిశీలన పట్టిక: కీబోర్డు ఎవరి చేతిలో ఎంతసేపు ఉంది, ప్రశ్న ఎవరు అడిగారు, ఏ భాషలో అడిగారు, జవాబు ఎవరికి వచ్చింది. ఒక ఏడాది చూసి, వచ్చినదంతా ఒకచోట పోసి, విద్యార్థుల ముందు పెట్టి చదవాలి. కంప్యూటర్ బుర్ర పుట్టుకతో వస్తుందని ఇంకెవరైనా అంటే, అప్పుడు వాళ్ల ముందు పెట్టడానికి మన లెక్క మన చేతిలో ఉంటుంది.